జాడీలెన్ని పెట్టాలి? చిన్న వ్యాపారానికి ఏడాది లక్ష్యం

చిన్న వ్యాపారంలో ఏడాది లక్ష్యమంటే మూడు ప్రశ్నలకు ముందుగానే రాసిపెట్టుకున్న జవాబు. వచ్చే 12 నెలల్లో యజమాని చేతిలో ఎంత మిగలాలి, అంత మిగలాలంటే ఎంత సరుకు ఏ ధరకు అమ్మాలి, ఆ సరుకు సమకూర్చుకోవడానికి కావలసిన డబ్బు ఏ నెలలో ఎక్కణ్నుంచి రావాలి. ఈ మూడింటికీ అంకెల్లో జవాబు లేనిది లక్ష్యం కాదు, కోరిక. "పోయినేడు పదిహేను లక్షలు చేశాం, ఈసారి ఇరవై కొట్టాలి" అన్న మాట చాలా కొట్లలో వినిపిస్తుంది. అందులో అమ్మకం ఉంది గానీ మిగులు లేదు. అమ్మకం పెరిగిన ఏడాదే గల్లాపెట్టె ఖాళీ అయిన వ్యాపారాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అరువు పెరిగో, సరుకు పేరుకుపోయో, మార్జిన్ తగ్గించి అమ్మో ఆ స్థితి వస్తుంది.

ఈ లెక్క ఎలా వేయాలో తెలుసుకోవడానికి నిల్వ పచ్చళ్ల వ్యాపారం మంచి ఉదాహరణ. తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలంలోని ఉసులుమర్రు వంటి ఊళ్లలో ఇది ఇంటింటి పరిశ్రమ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంట్లో నలుగురు మనుషులతో నడిచే పచ్చళ్ల యూనిట్లు చాలా ఉన్నాయి. కిరాణా కొట్టువాడు అంచనా తప్పితే వచ్చే వారం సరిదిద్దుకోవచ్చు. ఆవకాయ పెట్టేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. టెంక కట్టిన పుల్లటి కాయ దొరికేది వేసవిలో కొద్ది వారాలే. అప్పుడు పెట్టిన జాడీలే మళ్లీ వేసవి దాకా అమ్మాలి. తక్కువ పెడితే దసరా నాటికే "అయిపోయిందండీ" అని చెప్పాల్సి వస్తుంది. ఎక్కువ పెడితే ఏడాది తిరిగేసరికి ముక్క మెత్తబడి, రంగు మారి, కొత్త ఆవకాయ పక్కన పాతదాన్ని ఎవరూ అడగరు. ఏడాది లక్ష్యం వీళ్లకు గోడమీద రాసుకునే నినాదం కాదు, మేలో ఎన్ని కాయలు కొట్టించాలన్న నిర్ణయం.

ఏడాది ఎప్పుడు మొదలవుతుంది

ప్రభుత్వ లెక్కల ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. బ్రిటిష్ ప్రభుత్వం 1867లో పెట్టిన పద్ధతి ఇది. జీఎస్టీ, ఆదాయపు పన్ను, బ్యాంకు కాగితాలు అన్నీ దీన్నే అనుసరిస్తాయి. ఉగాదికి కొత్త పద్దు పుస్తకం తెరిచే వ్యాపారులున్నారు, దీపావళి లక్ష్మీపూజనాడు తెరిచేవాళ్లూ ఉన్నారు. పన్ను లెక్కకు ఏప్రిల్ తప్పదు. లక్ష్యానికి మాత్రం ఏ తేదీ అయినా ఫర్వాలేదు, వ్యాపారం సహజ చక్రానికి అది సరిపోతే చాలు.

పాఠ్యపుస్తకాలు, యూనిఫారాలు అమ్మే కొట్టుకు ఏడాదంతా జూన్‌లోనే ఉంటుంది. విత్తనాలు, ఎరువుల దుకాణానికి తొలకరితో మొదలవుతుంది. బట్టల కొట్టుకు పెళ్లి ముహూర్తాలు, దసరా, సంక్రాంతి పెద్ద కాలాలు. ముహూర్తాలు లేని ఆషాఢంలో సరుకు కదలకపోవడం వల్లే ఆషాఢం తగ్గింపులు పుట్టుకొచ్చాయి. పచ్చళ్లవాళ్ల ఏడాది మామిడికాయతో మొదలవుతుంది. కానీ దాని సన్నాహం ఇంకా ముందే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి. మే వచ్చేసరికి యార్డుకు వేసవి సెలవులిస్తారు. అందుకని కాయ కోతకు రాకముందే మిరపకాయలు కొని, ఎండబెట్టి, కారం పట్టించుకోవాలి. అంటే ఎంత పచ్చడి పెట్టాలన్నది ఫిబ్రవరి చివరికల్లా తేలిపోవాలి. లక్ష్యం నిర్ణయించే తేదీని ఇలాంటి మొదటి పెద్ద కొనుగోలే చెబుతుంది. ప్రతి వ్యాపారంలోనూ అటువంటి తేదీ ఒకటుంటుంది.

గడిచిన ఏడాది లెక్క

రాబోయే ఏడాదికి అంకె వేసేముందు గడిచిన ఏడాది అంకెలు ముందు పెట్టుకోవాలి. నెలవారీ అమ్మకాలు, సరుకు మీద నేరుగా అయిన ఖర్చు, అమ్మినా అమ్మకపోయినా తప్పని ఖర్చు, మిగిలిపోయిన సరుకు, రావలసిన బాకీలు, ఇంటికి తీసుకున్న డబ్బు. ఈ ఆరూ చాలు. పద్దు సరిగా రాయనివాళ్లకు కూడా ఇప్పుడివి దొరుకుతాయి. యూపీఐ చెల్లింపుల స్టేట్‌మెంటు, బ్యాంకు పాస్‌బుక్కు, కొరియర్ రసీదులు దగ్గర పెట్టుకుంటే నగదు అమ్మకం తప్ప మిగతాదంతా నెలలవారీగా తేలిపోతుంది.

చిక్కు వచ్చేది చివరి అంకె దగ్గర. ఇంటి ఖర్చు, కొట్టు ఖర్చు ఒకే గల్లాపెట్టెలోంచి పోయే వ్యాపారాల్లో లాభమెంతో యజమానికే తెలియదు. పిల్లల ఫీజు కట్టిన నెల నష్టమొచ్చినట్టు, పండక్కి బట్టలు కొనని నెల లాభమొచ్చినట్టు కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ పొద్దస్తమానం చేసిన పనికి జీతం లెక్క ఉండదు. కిలో పచ్చడికి ఇంత మిగిలిందని చెప్పేవాళ్లలో చాలామంది తమ రెక్కల కష్టాన్ని ఖర్చులో వేయరు. యజమాని నెలకు ఇంత అని జీతంగా తీసుకోవడం, దాన్ని దాటకపోవడం మొదట చేయవలసిన పని. ఈ అలవాటు లేకుండా వేసిన ఏడాది లక్ష్యం ఎంత అందంగా ఉన్నా ఉపయోగం తక్కువ.

చివరి నుంచి వెనక్కి

మిగులు నుంచి వెనక్కి వెళ్తూ అమ్మకాన్ని తేల్చాలి. లెక్క కోసం ఒక పచ్చళ్ల యూనిట్‌ను ఊహించుకుంటే ఇలా ఉంటుంది. యజమాని కుటుంబానికి నెలకు 30,000 చొప్పున ఏడాదికి 3,60,000 రూపాయలు కావాలి. పాత అప్పు వాయిదా నెలకు 10,000, అంటే 1,20,000. అద్దె, కరెంటు బిల్లు, ఏడాది పొడవునా ఉండే ఒక మనిషి జీతం, ఫోను, చిల్లర ఖర్చులు కలిపి నెలకు 20,000, ఏడాదికి 2,40,000. పాత గ్రైండరు మార్చడానికి, అనుకోని అవసరానికి పక్కన పెట్టవలసింది 80,000. మొత్తం 8 లక్షలు.

కిలో పచ్చడి సగటున 400 రూపాయలకు అమ్ముడవుతుందనుకుంటే, అందులో కాయ, కారం, ఆవపిండి, నువ్వులనూనె, ఉప్పు, వెల్లుల్లి, కూలి, ప్యాకింగు, రవాణా కలిపి 240 పోతుంది. మిగిలేది 160. 8 లక్షలను 160తో భాగిస్తే 5,000 కిలోలు. అమ్మకం 20 లక్షలు. ఇప్పుడు "ఇరవై" అన్న మాటకు అర్థం వచ్చింది. అది ఎవరితోనో పోటీపడి చెప్పిన అంకె కాదు, ఆ ఇంటి అవసరం లోంచి తేలిన అంకె.

పోయినేడు అమ్మింది 4,200 కిలోలైతే, 160 చొప్పున చేతికొచ్చింది 6,72,000. కొరత 1,28,000. దీన్ని పూడ్చడానికి 800 కిలోలు ఎక్కువ అమ్మడం ఒక దారి. ఎక్కువమందికి తట్టేది అదొక్కటే. రెండో దారి కిలో మీద మిగులు పెంచుకోవడం. ధర పది రూపాయలు పెంచినా, నూనె డబ్బాలు విడిగా కాకుండా ఒకేసారి కొని పది రూపాయలు ఆదా చేసినా, మిగులు 170 అవుతుంది. అప్పుడు 8 లక్షలకు 4,706 కిలోలు చాలు. 400 మీద పది రూపాయలంటే రెండున్నర శాతం. ఆ చిన్న మార్పుతో ఎక్కువ అమ్మవలసింది 800 కిలోల నుంచి సుమారు 500 కిలోలకు దిగుతుంది. కొత్త గిరాకీ వెతకడం కంటే ఇది సులువు. అయినా చిన్న వ్యాపారులు ధర ముట్టుకోవడానికి భయపడతారు. పక్క కొట్టువాడు పెంచలేదన్నది వాళ్లు చెప్పే కారణం. ఆ పక్క కొట్టువాడికీ నూనె అదే రేటుకు వస్తోందన్న సంగతి లెక్కలోకి రాదు.

ఈ అంకెలు ఉదాహరణకే. గాజుసీసాలో అమ్మేవాళ్లకూ, కిలోల లెక్కన కొట్లకు వేసేవాళ్లకూ మార్జిన్ ఒకటి కాదు. ఆవకాయకూ గోంగూరకూ ఒకటి కాదు. సగటు మార్జిన్‌తో మొదలుపెట్టి, తర్వాత రకాల వారీగా విడదీసుకోవచ్చు. అలా విడదీసినప్పుడు చాలాసార్లు ఒక చేదు నిజం బయటపడుతుంది. బాగా అమ్ముడయ్యే రకమే తక్కువ మిగులుస్తుంటుంది.

20 లక్షల గీత

అమ్మకం అంకె తేలాక అది ఏ చట్టపు గీతను తాకుతుందో చూసుకోవాలి. సరుకులు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. పైన చెప్పిన యూనిట్ రాజమండ్రిలో ఉంటే 20 లక్షల అమ్మకం పరిమితికి చాలా దూరంలో ఉంటుంది. ఖమ్మంలో ఉంటే గీత అంచున ఉన్నట్టే, ఇంకొక్క జాడీ అమ్మితే నమోదు తప్పనిసరి. లక్ష్యం ఒకటే, దాని పర్యవసానం రాష్ట్రాన్నిబట్టి మారుతుంది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. రాష్ట్రం దాటి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా నమోదు ఉండాల్సిందే. బెంగళూరు, చెన్నైలలోని తెలుగువాళ్లకు పంపాలన్నది ఈ ఏటి లక్ష్యమైతే, మొదటి పార్శిల్ కట్టేముందే జీఎస్టీ నంబరు ఉండాలి. నమోదయినవాళ్లలో ఏడాది టర్నోవరు కోటిన్నర లోపు ఉన్నవారు కాంపొజిషన్ పథకం కింద, తయారీదారులూ వ్యాపారులూ అయితే 1 శాతం పన్నుతో సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ పథకంలో ఉన్నవారు వేరే రాష్ట్రానికి అమ్మకూడదు, కొనుగోలుపై కట్టిన పన్ను తిరిగి రాబట్టుకోలేరు. ఇప్పటికే నమోదై ఉన్నవాళ్లు ఇందులో చేరాలంటే ఆర్థిక సంవత్సరం మొదలవకముందే చెప్పాలి. బయటి రాష్ట్రాల గిరాకీయా, తక్కువ పన్నా అన్నది మార్చిలోనే తేల్చుకోవలసిన సంగతి. జులైలో గుర్తొస్తే ఏడాది పోయినట్టే.

వేసవిలో కావలసిన డబ్బు

చిన్న వ్యాపారాల లక్ష్యాలు ఎక్కువగా విఫలమయ్యేది గిరాకీ లేక కాదు, సమయానికి డబ్బు లేక. 5,000 కిలోల్లో సగం ఆవకాయ, మాగాయ అనుకుంటే 2,500 కిలోలు వేసవిలోనే పెట్టాలి. కిలోకు ముడిసరుకు 170 రూపాయలైతే 4,25,000 రూపాయలు ఇంచుమించు ఒకే దఫాలో బయటికి పోతాయి. 25 కిలోలు పట్టే జాడీలైతే వంద కావాలి, అవి పెట్టడానికి తేమ తగలని గది కావాలి. కాయ కొట్టే మనుషులు కావాలి. ఆ రోజుల్లో ఊరంతా ఆవకాయ పెడుతుంటుంది కాబట్టి కత్తిపీట ముందు కూర్చునే మనిషికి గిరాకీ ఎక్కువ, కూలి ఎక్కువ. కొట్టిన ముక్కను తుడిచి, జీడి తీసి, అదేరోజు కలిపేయాలి. మూడోరోజు తిరగకలపాలి. ఏ ఒక్క పనీ రేపటికి వాయిదా పడదు. వానొచ్చినా, కరెంటు పోయినా, మనిషి రాకపోయినా కాయ ఆగదు. అందుకే ఎంత పెట్టగలరన్నది డబ్బుతోపాటు చేతులమీదా ఆధారపడుతుంది.

చేతిలో 3 లక్షలే ఉంటే 1,764 కిలోలు పెట్టవచ్చు. మిగిలిన 736 కిలోల కోసం 1,25,000 అప్పు చేయాలా అన్నది తర్వాతి ప్రశ్న. బ్యాంకులో 12 శాతం వడ్డీకి ఆరు నెలలకు తీసుకుంటే వడ్డీ 7,500, కిలోకు పది రూపాయలు పడుతుంది. 160 మిగిలే సరుకు మీద పది పోయినా ఫర్వాలేదు. అదే డబ్బు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు 22,500, కిలోకు ముప్పై దాటుతుంది. పైగా సరుకు మిగిలిపోతే వడ్డీ ఆగదు. ముద్ర పథకంలో కిశోర్ విభాగం కింద 50,000 నుంచి 5 లక్షల దాకా హామీ లేని అప్పు దొరుకుతుంది. అయితే కాయ మార్కెట్లోకి వచ్చిన వారంలో బ్యాంకుకు వెళ్తే ఆ ఏడాదికి పని జరగదు. కాగితాలు జనవరిలో ఇవ్వాలి.

అప్పు చేయకుండా లక్ష్యం ఆకారం మార్చడం ఇంకో పద్ధతి. తక్కువపడిన 736 కిలోలను ఇతర కాలాల పచ్చళ్లతో పూడ్చవచ్చు. చింతకాయ, ఉసిరికాయ చలికాలంలో వస్తాయి. పండుమిరపకాయ సంక్రాంతి చుట్టుపక్కల దొరుకుతుంది. ధర పడిపోయినప్పుడు టమాటా ఉంది. ఈ సరుకుకు పెట్టుబడి వేసవి అమ్మకాల డబ్బులోంచే వస్తుంది. రొటేషన్ అని వ్యాపారులు చెప్పేది దీన్నే. మొత్తం కిలోలు అవే, డబ్బు ఒత్తిడి మాత్రం ఏడాది మొత్తం మీదికి సర్దుకుంటుంది.

ఎన్ని లక్ష్యాలు, ఎవరివి

పాఠ్యపుస్తకాల్లో లక్ష్యాల చర్చ పీటర్ డ్రకర్ 1954లో రాసిన నిర్వహణ గ్రంథం నుంచి మొదలవుతుంది. పని ఎలా చేయాలో పైనుంచి చెప్పడం కాదు, ఏం సాధించాలో ఒప్పుకుని దాని ప్రకారం నడవడం ముఖ్యమని ఆయన వాదన. 1981లో జార్జ్ డోరన్ అనే సలహాదారు ఒక చిన్న వ్యాసంలో స్మార్ట్ అన్న ఐదక్షరాల సూత్రం చెప్పాడు. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవగలగాలి, ఒకరికి అప్పగించగలగాలి, ఉన్న వనరులతో సాధ్యమవ్వాలి, గడువుండాలి. తర్వాత ఈ సూత్రం అన్ని కార్యాలయాల గోడలకూ ఎక్కి, మధ్య అక్షరం చాలాచోట్ల మారిపోయింది. ఎవరికి అప్పగించాలి అన్నది పోయి, సాధించదగ్గది అన్నది వచ్చింది. చిన్న వ్యాపారానికి నిజంగా పనికొచ్చేది పోయిన మాటే. ప్రతి లక్ష్యమూ ఐదింటికీ సరిపోవాలని లేదని డోరనే చెప్పాడు, ఆ మాటా గోడలమీద కనిపించదు.

నలుగురు పనిచేసేచోట అన్ని పనులూ యజమాని నెత్తినే పడతాయి. కొత్త కొట్లు వెతకడం, వాట్సాప్‌లో ఆర్డర్లు చూడడం, బాకీ వసూలు, నాణ్యత, అన్నీ ఆయనవే లేదా ఆమెవే అయితే ఏడాదికి మూడు, మహా అయితే నాలుగు లక్ష్యాలు పెట్టుకోవాలి. మిగులు 8 లక్షలు, సరుకు 5,000 కిలోలు, బాకీలు ఎప్పుడూ లక్ష దాటకుండా చూడడం. ఒక ఏడాదికి ఇవే ఎక్కువ. కొత్త రకాలు, కొత్త బ్రాంచి, వెబ్‌సైటు, వ్యాను అన్నీ ఒకే డైరీ మొదటి పేజీలో రాసుకుంటే ఫిబ్రవరి తర్వాత ఆ పేజీ ఎవరూ తిప్పరు. ఈ ఏడు చేయకూడదనుకున్నవి కూడా పక్కనే రాసుకోవడం మంచిది.

కష్టసాధ్యమైన, నిర్దిష్టమైన లక్ష్యం ఇచ్చినప్పుడు మనుషులు "చేతనైనంత చేయండి" అన్నప్పటికంటే మెరుగ్గా పనిచేస్తారని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ దశాబ్దాల పరిశోధనతో చూపించారు. లక్ష్యానికి మనిషి ఒప్పుకోవాలి, చేసే సామర్థ్యం ఉండాలి అన్నవి ఆ పరిశోధనలోనే ఉన్న షరతులు. షరతులు వదిలేస్తే ఏమవుతుందో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదంతం చెబుతుంది. ప్రతి ఖాతాదారుడికీ ఎనిమిది రకాల ఖాతాలు, సేవలు అంటగట్టాలన్న ఒత్తిడిలో ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుపై 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. చిన్న కొట్లో ఇదే జబ్బు అరువు రూపంలో వస్తుంది. రోజుకు ఇన్ని కిలోలు అమ్మితే కమిషన్ అని సేల్స్ కుర్రాడికి చెబితే, అతను అమ్ముతాడు. డబ్బు తర్వాత ఇవ్వండని చెప్పి అమ్ముతాడు. కమిషన్ అమ్మకం మీద కాక వసూలు మీద ఉంటే ఈ గొడవ ఉండదు.

నెలల వారీగా

5,000 కిలోలను 12తో భాగిస్తే నెలకు 417. ఈ అంకె దేనికీ పనికిరాదు. కొత్త ఆవకాయ మోజు, విదేశాలకు చదువుకు వెళ్లే పిల్లల పార్శిళ్లు కలిసి జూన్, జులై, ఆగస్టుల్లోనే 2,000 కిలోలు పోతాయనుకుంటే, మిగతా తొమ్మిది నెలలకు నెలకు 333 చొప్పున సరిపోతుంది. సగటు అంకె పట్టుకున్నవాళ్లు జులైలో పొంగిపోయి, అక్టోబరులో కుంగిపోతారు. రెండూ తప్పే. పోయినేడు అదే నెలలో ఎంత జరిగిందన్నదే సరైన కొలమానం. పండగలు తిథులనుబట్టి వస్తాయి కాబట్టి దసరా సెప్టెంబరులో వచ్చిన ఏడాదినీ అక్టోబరులో వచ్చిన ఏడాదినీ పోల్చేటప్పుడు రెండు నెలలూ కలిపి చూడాలి.

అమ్మకం ఫలితం మాత్రమే, అది యజమాని చేతిలో ఉండదు. చేతిలో ఉండేవి అంతకుముందు చేసే పనులు. పోయినేడు కొని ఈసారి ఇంకా అడగనివాళ్లకు వారానికి ఎన్ని ఫోన్లు చేశారు, కొత్తగా ఎన్ని కొట్లకు నమూనా ప్యాకెట్లు ఇచ్చారు, అందులో ఎన్ని రెండోసారి ఆర్డరు పెట్టాయి. నెల చివర అమ్మకం తగ్గిందని తెలుసుకుంటే చేయగలిగిందేమీ లేదు. రెండో వారంలో ఫోన్లు తగ్గాయని తెలిస్తే సరిచేయవచ్చు.

బాకీలకూ ఒక అంకె పెట్టుకోవడానికి చట్టం సాయముంది. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారుకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు కొన్నవారు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ చక్రవడ్డీ, పడుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన ఇలాంటి చెల్లింపును కొన్నవారు నిజంగా చెల్లించిన ఏడాదే ఖర్చుగా చూపుకోవాలన్న నిబంధన కూడా ఆదాయపు పన్నులో వచ్చింది. అందువల్ల మార్చి దగ్గరపడేకొద్దీ పెద్ద సూపర్‌మార్కెట్లు బిల్లులు తీర్చడానికి తొందరపడతాయి. కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ లేదు, తయారుచేసేవారికీ సేవలందించేవారికే ఉంది. చట్టం ఉందని రోజూ కొనే కొట్టువాడి మీద ఎవరూ ఫిర్యాదు పెట్టరు, అది వేరే సంగతి. బిల్లు మీద గడువు తేదీ అచ్చు వేయించడం మాత్రం ఎవరైనా చేయవచ్చు.

మధ్యలో మారేవి

ఏడాది మధ్యలో లోకం మారుతుంది. 2025 ఆరంభంలో గుంటూరు మిర్చి ధర అంతకుముందు ఏళ్లతో పోలిస్తే ఎంతగా పడిపోయిందంటే, క్వింటాలుకు 11,781 రూపాయల రేటుతో కేంద్రం మార్కెట్ జోక్య పథకం ప్రకటించవలసి వచ్చింది. రైతుకు అది దెబ్బ. పచ్చళ్లవాళ్లకు కిలో మీద ఖర్చు తగ్గిన ఏడాది. అదే ఏడాది ఆగస్టు 29న అమెరికా, 800 డాలర్ల లోపు పార్శిళ్లకు సుంకం లేకుండా ఇచ్చిన మినహాయింపును ఎత్తేసింది. అంతకు నాలుగు రోజుల ముందే భారత తపాలా శాఖ అక్కడికి చాలా రకాల పార్శిళ్లు తీసుకోవడం ఆపి, అక్టోబరు మధ్యలో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అమెరికా తెలుగువాళ్ల ఆర్డర్ల మీద లక్ష్యం కట్టుకున్న యూనిట్లకు ఇది ఏ లెక్కలోనూ లేని సంగతి.

ఇలాంటప్పుడు వెంటనే లక్ష్యం తగ్గించుకోవడం తొందరపాటు, పాత అంకెనే పట్టుకు వేలాడడం మొండితనం. మొదట దారి మార్చాలి. అమెరికాకు పోవలసిన సరుకును హైదరాబాద్ కొట్లకు, కార్తీకమాసపు సంతర్పణలకు మళ్లించగలమేమో చూడాలి. మూడు నెలలు వరసగా దారి మార్చినా అంకె అందకపోతే అప్పుడు లక్ష్యాన్ని దించాలి. దించేటప్పుడు కొత్త అంకెతోపాటు కారణం, తేదీ రాయాలి. పాత అంకె కొట్టేయకూడదు, పక్కన ఉండాలి. మరుసటి ఏడు లెక్క వేసేటప్పుడు ఏ అంచనా ఎందుకు తప్పిందో చెప్పేది ఆ పక్కన రాసిందే. ధర పెరిగితే ఏం చేయాలో ముందుగానే అనుకుంటే ఇంకా మేలు. నువ్వులనూనె ఫలానా రేటు దాటితే ధర పదిహేను పెంచాలి, లేదా అర కిలో ప్యాకెట్టు మాత్రమే అమ్మాలి. ఇలాంటి నిర్ణయాలు ప్రశాంతంగా ఉన్న రోజున తీసుకున్నవైతే మేలో హడావిడిలో తీసుకున్నవాటికంటే బాగుంటాయి.

నెలకొకసారి గంటసేపు కూర్చుని చూసుకుంటే ఈ పని అయిపోతుంది. ఆ గంటలో చూడవలసినవి అమ్మిన కిలోలు, కిలోకు మిగిలింది, బాకీలు, మిగిలిన జాడీలు. ఇంట్లో ఇద్దరూ, ఎప్పట్నుంచో పనిచేస్తున్న మనిషి ఉంటే ఆ మనిషీ కూర్చోవాలి. మార్జిన్ ఎంతో పనివాళ్లకు తెలియకూడదనుకునే యజమానులున్నారు. కానీ నూనె ఎక్కడ ఒలికిపోతోందో, ఏ రకం తిరిగి వస్తోందో వాళ్లకే ముందు తెలుస్తుంది.

ముగింపు లెక్క

మార్చి 31న పన్ను లెక్క కోసం నిల్వ ఉన్న సరుకు తూచి విలువ కట్టాలి. ఇది తప్పనిసరి. పచ్చళ్ల వ్యాపారానికి అసలైన ముగింపు మాత్రం ఏప్రిల్ చివర, కొత్త కాయ దిగేముందు. అప్పటికి గదిలో మిగిలిన జాడీలను రకాలవారీగా లెక్కపెట్టి, ఏ తేదీన పెట్టిందో చూసి, అమ్మదగ్గది, ధర తగ్గించి వదిలించుకోవలసింది, పారేయవలసింది అని మూడుగా విడదీస్తారు. మాగాయ పది జాడీలు మిగిలి, ఆవకాయ ఫిబ్రవరిలోనే అయిపోయి ఉంటే, మొత్తం 5,000 కిలోల లక్ష్యం అందినా రకాల అంచనా తప్పినట్టే. ఆ పది జాడీలంటే 250 కిలోలు. ముడిసరుకు ఖర్చే 42,500 రూపాయలు. అదీ, ఆవకాయ లేదని వెనక్కి పంపిన ఆర్డర్ల సంఖ్యా పద్దులో పక్కపక్కనే రాసి, కొత్త ఏడాది కాయ బేరానికి వెళ్లాలి.